వంటావార్పుకు కట్టెలు

పొద్దున పది గంటలకు సరోజన టీచరమ్మ ఇంటికి వెళ్లాలి, ఇల్లు కొంటున్నట్టు మాట ఖాయం చేసుకోవాలి, పన్నెండు కల్లా తిరిగొచ్చి జ్వరంతో పడుకోవాలి. 2011 మార్చిలో ఒక గురువారం జనగామ కిరాణా వ్యాపారి లక్ష్మీకాంత్ వేసుకున్న పథకం ఇంతే. ఇంత చిన్న పథకాన్ని చెడగొట్టుకోవడానికి కూడా కొంత నేర్పు కావాలి. ఆయన దగ్గర అది దండిగా ఉంది.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. లక్ష్మీకాంత్ భార్య సుగుణ పద్దెనిమిదేళ్లుగా దుకాణం మీది రెండు గదుల్లో కాపురం చేస్తోంది. డాబా మీద పద్నాలుగు ఖాళీ నూనె డబ్బాల్లో జామ, నిమ్మ, దానిమ్మ పెంచుతోంది. అవి నడుము దాకా పెరిగి, డబ్బాలో వేళ్లకు చోటు చాలక, అక్కడే ఆగిపోతాయి. "నేల మీద ఒక్క చెట్టు, ఒక్కటంటే ఒక్కటి," అని ఆమె అడగడం, "వచ్చే ఏడు," అని ఆయన అనడం పద్దెనిమిదేళ్ల ఆనవాయితీ.

ఈ ఏడు నిజంగానే ఇల్లు దొరికింది. బచ్చన్నపేట రోడ్డు మీద టీచరమ్మది. ఇల్లు చిన్నదే, చుట్టూ జాగా మాత్రం పెద్దది. మామిడి, సపోట, జామ. భర్త పోయాక ఆమె మహబూబాబాద్‌లో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకుంది. ప్లాట్లు చేసి అమ్మేవాళ్లు ఎక్కువే ఇస్తామన్నా, "చెట్లను సాకేటోళ్లకే ఇస్త," అని పంపేసింది. కిందటి వారం సుగుణ మామిడి పూత కింద నిలబడి చెట్టు మొదలు నిమురుతూ ఉండిపోతే, "గురువారం పదింటికి రా బిడ్డా," అంది టీచరమ్మ. ఆ రోజే లక్ష్మీకాంత్ ఒక్కడే పెరట్లోకి పోయి, వెనక గోడ పొంటి ఆరు చెట్లు ఒక్క ఆకు లేకుండా ఎండిపోయి ఉండటం చూశాడు. కొట్టేసి గోదాము కట్టొచ్చని మనసులో అనుకున్నాడు. సుగుణకు చెప్పలేదు.

ఇక జ్వరం సంగతి. తెలంగాణ కోసం రోజుకో సంఘం వంతున రోడ్డు మీద వంటావార్పు జరుగుతున్న రోజులవి. ఆ గురువారం వర్తక సంఘం వంతు. కార్యదర్శిగా లక్ష్మీకాంత్ పని కట్టెలు తేవడం. ఇంటి సంబరంలో మరిచిపోయి, ముందు రోజు సాయంత్రం గుర్తొచ్చి అధ్యక్షుడు ప్రతాప్‌కు ఫోన్ చేసి, "చలిజ్వరమే, లేవలేకపోతున్న," అన్నాడు. వంట ఎలాగూ చౌరస్తాలో కదా, తాము పోయేది బచ్చన్నపేట రోడ్డు కదా అని ధైర్యం.

చౌరస్తా వేరే సంఘం వాళ్లు ఆక్రమించడంతో వర్తకులు బచ్చన్నపేట రోడ్డుకు మారారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. జ్వరం మనిషికి ఎందుకు చెప్తారు?

స్కూటర్ మీద వెనుక సుగుణ. ఆమె ఒళ్లో టీచరమ్మకు కానుకగా దానిమ్మ మొక్క, డబ్బాతో సహా. ఎదురుగా రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు, డేగిశాలు, టెంటు, మైకు, ప్రతాప్.

"ఏందన్నా, జ్వరం తగ్గిందా?" అన్నాడు ప్రతాప్. చుట్టూ యాభై మంది చూస్తున్నారు.

"జ్వరమెక్కడిది తమ్మీ, ఉద్యమమప్పుడు?" అన్నాడు లక్ష్మీకాంత్. "కట్టెల కోసమే పోతున్న."

"ఎక్కడున్నయి? బియ్యం నానవెట్టి గంటాయె!"

అక్కడితో "చూసొస్త" అని జారుకుంటే సరిపోయేది. కానీ యాభై మంది చూస్తున్నారు కదా. "గా టీచరమ్మ ఇల్లు లేదూ? అది మేమే కొంటున్నం. మనదే అనుకో. వెనక ఆరు చెట్లు ఎండిపోయున్నయి, కావల్సినన్ని కట్టెలు," అన్నాడు.

"కాంతన్న జిందాబాద్!" అన్నారెవరో. సుగుణను ఆడవాళ్లు పప్పు కడగడానికి కూర్చోబెట్టారు. లక్ష్మీకాంత్‌ను ట్రాక్టర్ ఎక్కించారు. వెంట ప్రతాప్, దుకాణంలో బస్తాలు మోసే దస్రు, గొడ్డలి.

టీచరమ్మ ఇంట్లో లేదు. గేటుకు తాళమూ లేదు. దస్రు వెనక గోడ దగ్గరికి పోయి, చెట్ల కేసి చూసి, గొడ్డలి దించాడు.

"సేటూ, గివి ఎండిన చెట్లు గావు. ఆకు రాలినయి, గంతే."

లక్ష్మీకాంత్ ఆగమనబోయాడు. కానీ పక్కనే ప్రతాప్ గడియారం చూసుకుంటున్నాడు. "నాకెరుక లేదా? కొట్టు," అన్నాడు లక్ష్మీకాంత్. ఆ తర్వాత ఎన్నోసార్లు ఆయన తనను తాను తిట్టుకున్నది ఆ రెండు మాటలకే.

దస్రు కొట్టాడు. అరగంటలో ఆరు చెట్లూ ట్రాక్టర్‌లో పడ్డాయి.

పొయ్యిలో పెడితే అంటుకోలేదు. పొగ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. వర్తక సంఘమంతా కళ్లు తుడుచుకుంటుండగా ప్రతాప్ మైకు పట్టుకుని, "తెలంగాణ కోసం మా కాంతన్న తన సొంత తోటనే కొట్టిచ్చిండు!" అని ప్రకటించాడు. సుగుణ లేచొచ్చి ఒక కట్టె తీసి, గోటితో గీకి చూసింది. లోపల పచ్చగా ఉంది.

"ఏమండీ, ఇవి సీతాఫలం చెట్లు. ఎండలకు ఆకు రాలుస్తయి. మీకు తెల్వదా?"

తెలియదు. సీతాఫలాలు దసరాకు గంపలో వస్తాయని మాత్రమే ఆయనకు తెలుసు.

అప్పుడే ఊళ్లోంచి చేతిసంచితో వస్తోంది సరోజన టీచరమ్మ. పెద్దమనిషి ఉద్యమానికి కదిలొచ్చిందని అందరూ చప్పట్లు కొట్టారు. ప్రతాప్ ఆమె మెడలో దండ వేసి మైకు చేతిలో పెట్టాడు. ఆమె పొయ్యిలో కట్టెలను చూసింది.

"జై తెలంగాణ," అంది.

"జై తెలంగాణ!" అన్నారు యాభై మందీ.

"గివి మా ఇంటి చెట్లు. మా సారు పెట్టిండు. బతికున్న చెట్లు. తెలంగాణ కోసం అడిగితే నేనే ఇస్తుంటి. ఎవ్వలూ అడుగలే."

ఒకాయన అలవాటుగా చప్పట్లు కొట్టి ఆపేశాడు. టీచరమ్మ మైకు ఇచ్చేసి సుగుణ దగ్గరికొచ్చింది. సంచిలోంచి ఇంటి అమ్మకం కాగితం తీసింది. "నీ పేరు మీదనే రాయించుకొస్తున్న బిడ్డా," అని చూపించి, వంగి పొయ్యిలో పెట్టింది. పొద్దటి నుంచి అంటుకోని పొయ్యి అప్పుడు అంటుకుంది.

సుగుణ దానిమ్మ డబ్బా ఒళ్లో పెట్టుకుని స్కూటర్ ఎక్కింది. తిట్టలేదు. తిడితే బాగుండునని లక్ష్మీకాంత్‌కు ఏడుపొచ్చింది.

ఆయన మూడుసార్లు వెళ్లి క్షమాపణ అడిగాడు. నాలుగోసారి ఆషాఢంలో వెళ్లేసరికి, వానలు పడి ఆరు మొదళ్లకూ గుప్పెడు గుప్పెడు చిగుళ్లు వచ్చి ఉన్నాయి. ఆయన ప్రాణం లేచొచ్చింది. "టీచరమ్మా, బతికినయి! ఇప్పుడన్న ఇస్తరా?"

"సచ్చిపోతే ఇస్తుంటినేమో," అంది ఆమె. "ఇప్పుడు వీటిని ఎవల చేతుల వెట్టి పోవాలె? మీ చేతులనా? ఇగ నేను ఎటూ పోను."

మహబూబాబాద్ ప్రయాణం ఆగిపోయింది. ఆ మరుసటి ఏడు దసరా ముందు ఆమె సుగుణకు ఒక గంప సీతాఫలాలు పంపింది. సుగుణ ఒక్కో గింజా కడిగి నూనె డబ్బాల్లో పెట్టింది. మొలిచాయి. మూడో ఏడు మాఘం దాటాక ఆకులు రాల్చి పుల్లల్లా నిలబడ్డాయి.

"నేల మీద పెడితే ఈపాటికి నా ఎత్తు అయ్యేటివి," అని సుగుణ ఒక్కసారే అంది.

ఇప్పుడు రోజూ పొద్దున డబ్బాలకు నీళ్లు పోసేది లక్ష్మీకాంతే. ఏది ఎండిందో ఏది లేదో తేల్చడం ఆయన మానుకున్నాడు. బట్టలారేసే గుంజకు కూడా ఒక చెంబు పోస్తున్నాడు.