‘బావుంది’ అనే ఉద్యోగం

ఏఐ వచ్చి ఉద్యోగాలు ఊడగొడుతోందని గగ్గోలు పెడుతున్నారు కదా? ఊడగొట్టనివ్వండి! జూబ్లీహిల్స్ అచ్యుతరామయ్యగారి ఉద్యోగం అలాగే ఊడింది. ఆ రోజు ఆయనకు కలిగిన ఆనందం ఏ ప్రమోషన్‌లోనూ దొరకదు.

ఏం ఉద్యోగమంటారా? సిమెంటు వ్యాపారం కాదు, అది ఏదో కాలక్షేపానికి. పెళ్లయిన నాటినుంచీ ఆయన అసలు ఉద్యోగం చీరల షాపు సోఫాలో కూర్చుని, భార్య మంజులతగారు చీర భుజాన వేసుకుని ఇటు తిరగ్గానే "బావుంది" అనడం. సెలవుల్లేవు, రిటైర్మెంట్ లేదు. ఫోన్లోంచి తలెత్తకుండానే ఆ మాట అనే స్థాయికి చేరుకున్నారు. ఒకసారి ఆవిడ "కళ్లు తిరుగుతున్నాయండీ" అంటే కూడా "బావుంది, తీసుకో" అన్నారట!

మేనకోడలి పెళ్లికి చీర కొందామని వెళ్లిన బొటిక్‌లో ఆ మహానుభావుడికి విముక్తి దొరికింది. అక్కడ నిలువెత్తు ఏఐ అద్దం పెట్టారు. ముందు నిలబడితే చాలు, కట్టకుండానే చీర కట్టి చూపిస్తుంది. పైగా మాట్లాడుతుంది. ఫిలింనగర్‌లో హీరోలకు డబ్బింగ్ చెప్పే గొంతేదో పెట్టినట్టున్నారు, మహా గంభీరంగా ఉంది.

"మేడమ్, ఈ డస్టీ పింక్‌లో మీరు వెన్నెల్లో నడిచొస్తున్న వీణలా ఉన్నారు," అంది అద్దం.

వీణ ఎలా నడుస్తుందని ఆవిడ అడగలేదు. మీరైతే అడుగుతారా?

అచ్యుతరామయ్యగారు కాళ్లు బారజాపి హాయిగా కునుకు తీశారు. లేచేసరికి అద్దం ఇంకా పొగుడుతూనే ఉంది. మంజులతగారు సిగ్గుపడుతున్నారు! పెళ్లిచూపుల తర్వాత ఆ సిగ్గు ఆయన మళ్లీ చూడలేదు. కడుపులో ఏదో భగ్గుమంది. పొద్దున తిన్న పెసరట్టు అనుకున్నారు. పెసరట్టు కాదు.

ఇంతలో సంచులు మోయడానికి డ్రైవర్ నర్సింహ లోపలికొచ్చాడు. "సర్, ఆ తెల్ల యూనిఫామ్‌లో మీరు రాజహంసలా ఉన్నారు!" అంది అద్దం.

నర్సింహ సంచులు కింద పెట్టేశాడు. "మా ఇంట్ల గిట్ల ఎవ్వలూ అనలే సార్. జరసేపు గీడనే ఉంట," అని నడుం మీద చెయ్యేసుకుని పక్కకు తిరిగాడు.

ఎవరో నేల తుడిచే కర్ర తెచ్చి అద్దానికి ఆనించారు. దాని సన్నటి సొగసు గురించి కూడా అద్దం నాలుగు ముక్కలు చెప్పింది. అప్పుడు లేచారు అచ్యుతరామయ్యగారు.

"మంజూ, ఈ రంగు నీకు నప్పలేదు."

షాపులో చీరలు మడతపెడుతున్న చేతులు ఆగిపోయాయి. నర్సింహ కళ్లు మూసుకున్నాడు.

"ఏంటన్నారు?" అన్నారు మంజులతగారు.

"నప్పలేదు. మొహం పీక్కుపోయినట్టుంది. జ్వరం వచ్చినప్పుడు నువ్విలాగే ఉంటావు."

"జ్వరంలో నేనెలా ఉంటానో మీకు తెలుసా!" ఆవిడ ఆయన్ని వింతగా చూశారు. "సరే, ఏది నప్పుతుందో మీరే తీయండి."

పనంటే ఇదండీ! ఏసీలో కూడా ఆయనకు చెమటలు పట్టాయి. అరలన్నీ గాలించి, చిలకాకుపచ్చ మీద నారింజ అంచూ, ఒళ్లంతా జరీ నెమళ్లూ ఉన్న చీరొకటి పట్టుకొచ్చారు. ఆవిడ దాన్ని భుజాన వేసుకుని నిలబడ్డారు. అద్దం చూసింది. ఇంకాసేపు చూసింది.

"నెట్‌వర్క్ సమస్య. దయచేసి వేచి ఉండండి," అంది.

పెళ్లికి ఆడవాళ్లందరూ డస్టీ పింక్‌లోనే వచ్చారు. పాపం, అద్దం ఎవరికీ అన్యాయం చేయలేదు! వాళ్ల మధ్య మంజులతగారొక్కరే ట్రాఫిక్ సిగ్నల్‌లా వెలిగిపోతున్నారు. పెళ్లికూతురి తల్లి ఉండబట్టలేక ఆవిణ్ణి పక్కకు లాగింది.

"వదినా, ఈ చీర ఏ యాప్ చెప్పింది? చెబితే దాని జోలికి వెళ్లకుండా ఉంటాను."

"యాప్ కాదు," అన్నారు మంజులతగారు, కుచ్చిళ్లు సవరించుకుంటూ. "మీ అన్నయ్య తెచ్చారు. నన్ను చూసి మరీ తెచ్చారు."