పూలమ్మ తొట్టిలో గ్యాసు

ఆ బుధవారం పొద్దున దయాసాగర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి యజమానురాలు పూలమ్మ రేషను దుకాణానికి వెళ్లగానే వాకిట్లోని నీళ్ల తొట్టిలో చెంచాడు బ్లీచింగ్ పౌడరు కలపాలి. ఏమీ ఎరగనట్టు గని ఆఫీసుకు వెళ్లిపోవాలి.

నాలుగు కిరాయి గదులకూ ఆ తొట్టే దిక్కు. దాన్ని కడగగా చూసినవాళ్లు లేరు.

"బిడ్డకు మూడు దినాలసంది నీళ్లోలె పోతున్నది. ఇయ్యాలన్న తొట్టి కడిగియ్యమని అవ్వను అడుగుతరా?" అంది భార్య సువార్త.

పూలమ్మను అడగడం కన్నా అడిగినట్టు ఊహించుకోవడం ఆయనకు తేలిక. ఊహలో ప్రతిసారీ తనే గెలిచేవాడు. బయట మాత్రం, తొట్టికి వంక పెట్టిన పాత కిరాయిదారును ఆమె ఆ రోజే ఖాళీ చేయించింది. గోదావరిఖనిలో ఇంకో గది దొరకడం మాటలు కాదు. అందుకే దవాఖాన కాంపౌండరును బతిమాలి ఈ పొట్లం తెచ్చుకున్నాడు.

పూలమ్మ వెళ్లింది. ఆయన పొట్లం విప్పాడు. సంచి మరిచిపోయిన పూలమ్మ తిరిగొచ్చింది.

"గీడ ఏం జేస్తున్నవ్ బిడ్డా?"

పొట్లం మొత్తం తొట్టిలో పడింది.

"నీళ్లు చూస్తున్న అవ్వా."

"చూస్తే నిండుతయా?" అంటూ ఆమె లోపలికి పోయింది.

పక్క గదిలో రాత్రి షిఫ్టు దిగి నిద్రపోతున్న రాయమల్లు, గనిలో గ్యాసు పరీక్షించే సర్దారు. ఘాటు ముక్కుకు తగలగానే ఆయనకు కళ్లకన్నా ముందు నోరు తెరుచుకుంది.

"గ్యాస్! పొయ్యిలు ఆర్పుండ్రి! అందరు బయటికి!"

గని మనుషులు ఆ మాటకు కారణం అడగరు. క్షణాల్లో సగం వీధి రోడ్డు మీద ఉంది. దయాసాగర్ భయంతో బిడ్డను ఎత్తుకుని వాళ్లలో కలిశాడు. ఆ భయంలోనే, తన వల్ల ఇంతమంది కదిలారన్న చిన్న గర్వం కూడా కనిపించి సిగ్గుపడ్డాడు.

రాయమల్లు తలలు లెక్కపెట్టాడు. ఒకటి తక్కువ. సంచి దొరక్క మంచం మీద ఒరిగిన పూలమ్మ దిగలేదు.

"ఇది నా ఇల్లురా, నీ గని కాదు!"

"గ్యాసుకు ఆ ఫరక్ తెల్వదు అవ్వా!"

నలుగురు ఆమెను మంచంతో సహా మోసుకొచ్చారు. అటుగా వెళ్తున్న ఎల్లన్న చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

"అయ్యో, ఎప్పుడు పోయింది?"

"నీ అయ్య పోయిండు!" అంటూ పూలమ్మ లేచి కూర్చుంది.

ముక్కుకు తువ్వాలు కట్టుకున్న రాయమల్లు వాసన పట్టుకుని తొట్టి దగ్గర ఆగాడు. "మొత్తం తోడాలె" అన్నాడు. చేతులు మారుతూ బకెట్లు కదిలాయి. అడుగున బెత్తెడు పాకుడు, చిట్లిన చెప్పు, కప్ప ఎముకలు. ఇంతకాలం ఆ నీళ్లే తాగినవాళ్లంతా పూలమ్మ వైపు తిరిగారు.

గది పోతే పోయిందనుకుని దయాసాగర్ నోరు తెరిచాడు. "అవ్వా, తొట్టిల తెల్లమందు ఏసింది..."

"నేనే!" అంది పూలమ్మ. "కిరాయోళ్ల పానం ఫికర్ నాకు లేదా? ఇగ ప్రతి ఐతారం తొట్టి తోముడే!"

"మా అవ్వ బంగారం!" అన్నాడు రాయమల్లు. ఆడవాళ్లు చీపుర్లు అందుకున్నారు. సువార్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

బిడ్డ కోలుకుంది. ఆదివారం పూలమ్మ కిరాయిదారులందరినీ కూర్చోబెట్టి, మందు గుణాలు గంటసేపు వివరించింది. దయాసాగర్ ముందు వరసలో కూర్చుని శ్రద్ధగా విన్నాడు; అందులో చాలా సంగతులు ఆయనకు కొత్త.