గుడి లేని ధ్వజస్తంభం

కొత్తకోటకు కొద్ది దూరంలో, రోడ్డు పక్కన, గుడి లేని ధ్వజస్తంభం ఒకటి వెలసి ఉన్నదనీ, అది మిక్కిలి మహిమ గలదనీ భక్తజనులకు ఇందుమూలంగా తెలియజేయడమైనది. ఊరి పేరు చెప్పడం లేదు. చెబితే, మా ఊరి పేరెందుకు వదిలేశావని పక్క ఊరివాళ్లు కొట్లాటకు వస్తారు. గుడి ఎప్పుడు కడతారని అడగడం కూడా మర్యాద కాదు. ఇక స్థలపురాణం మొత్తం దగ్గరుండి చూసినవాడు కురుమూర్తి. అతన్ని ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు కాబట్టి మనమైనా అడుగుదాం.

కురుమూర్తి మెట్ట రైతు. అతనికీ, భార్య ఈదమ్మకూ కలిపి ఒక మట్టిమిద్దె, ఆ మిద్దెకు నడుమ ఒక దూలం, ఆ దూలానికి నడుమ చెయ్యి పట్టేంత పగులు. కింద ఒక ఊతకర్ర నిలబెట్టి కాలం వెళ్లదీస్తున్నారు. వానలు పడేలోగా దూలం మార్చకపోతే మిద్దె కూలుతుందని మేస్త్రీ ఖచ్చితంగా చెప్పాడు. ఈదమ్మ అన్నం వండుతూ నిమిషానికోసారి పైకి చూసుకునేది.

ఇంతలో ఎండాకాలపు గాలిదుమారానికి, ఖిల్లా ఘణపూర్ దగ్గర గుట్ట కింద ఉన్న కురుమూర్తి చేనులో నారేప మాను ఒకటి కూలింది. గుట్ట చెట్లలో అంత గట్టి కర్ర మరొకటి లేదు. కురుమూర్తికి పోయిన ప్రాణం లేచి వచ్చింది.

అయితే, కూలిన చెట్టును ఇంటికి తెచ్చుకోవడానికి అనుమతి కావాలి. అది న్యాయమే. భూమి తనదేననీ, చెట్టు తనదేననీ, దాన్ని తాను నరకలేదనీ, ఫలానా రోజున గాలి వచ్చిన మాట వాస్తవమేననీ కాగితాలు కావాలి. గాలికి ఇద్దరు సాక్షులు కావాలి. రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగాక మూడు ముద్రలతో అనుమతి పత్రం చేతికొచ్చింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని తిరిగాడు.

ట్రాక్టరు లాల్ అహ్మద్‌ది. ఆరుగురు మనుషులు, రెండు గడ్డపారలు, ఒక గొలుసు కలిసి తెల్లవారుజాము నుంచి చెమటోడ్చి మానును ట్రాలీ మీదికి ఎక్కించారు. ఆ తోపులాటలో కురుమూర్తి చెప్పులు రెండూ తెగాయి. మాను ట్రాలీ దాటి వెనక్కి రెండు బారలు పొడుచుకొచ్చింది.

"కురుమూర్తన్నా, మెల్లగ పోత. గుంతల పడితే ముందల ఇంజను లేస్తది. నువ్వు ఎనక నడుసుకుంట గొలుసు చూస్తుండు" అన్నాడు లాల్ అహ్మద్.

కురుమూర్తి తువ్వాలు నడుముకు బిగించి, వట్టికాళ్లతో ట్రాలీ వెనక నడిచాడు. ఈదమ్మ ఇంజను పక్కన మడ్‌గార్డు మీద కూర్చుంది. రోడ్డెక్కగానే ఒక పోలీసు ఆపి, బయటికొచ్చిన సరుకుకు ఎర్రగుడ్డ కట్టాలని తెల్వదా అని గద్దించాడు. చట్టాన్ని గౌరవించే కుటుంబం కదా, ఈదమ్మ వెంటనే ఒళ్లో ఉన్న బట్టల మూట విప్పింది. అక్క బిడ్డ పెళ్లిలో పెట్టిన కొత్త ఎర్ర రవికెగుడ్డ తీసి మాను కొసకు కట్టింది.

నిడుపాటి మాను. దానికి ఎర్ర రవికెగుడ్డ. వెనక చెప్పుల్లేకుండా నడిచే మనిషి. ఈ మూడూ ఒకచోట కనబడితే జనం ఏమనుకుంటారో మీకు చెప్పనక్కర్లేదు. కురుమూర్తికే తట్టలేదు. అతను గొలుసు చూస్తున్నాడు.

మొదటి ఊళ్లో తిమ్మమ్మ అనే ముసలావిడ బిందెడు నీళ్లు తెచ్చి ట్రాక్టరు ముందు కుమ్మరించింది. మానుకు పసుపు పూసింది. కొంత మిగిలితే ఇంజనుకూ, ఇంకా మిగిలితే లాల్ అహ్మద్ మోకాలికీ పూసింది.

"ఏ ఊరి గుడికి బిడ్డా, ధ్వజస్తంభం?"

"గుడి లేదు గిడి లేదు అవ్వా. మా ఇంటి దూలం."

"మొక్కున్నోళ్లు బయటికి చెప్పద్దంటరు. నాకు తెల్వదా?" అని ఆమె కన్ను గీటి, కురుమూర్తి కాళ్ల మీద కూడా నీళ్లు పోసింది.

రెండో ఊరికి కబురు ముందే చేరింది. డప్పులు వచ్చాయి, కొబ్బరికాయలు వచ్చాయి. ఊరు దాటాక కట్టెల తనిఖీ దగ్గర కురుమూర్తికి ధైర్యం వచ్చింది. ఇక్కడ చదువుకున్నవాళ్లుంటారు, కాగితం చూస్తారు, నిజం తేలుతుంది. అతను కవర్లోంచి అనుమతి పత్రం తీసేలోపు తనిఖీ అధికారి బూట్లు విప్పేశాడు.

"దేవునికి పర్మిట్ ఏందయ్యా, పాపం తగుల్తది" అని చెంపలు వేసుకుని గేటు ఎత్తించాడు. రెండు నెలలు తిరిగి తెచ్చిన కాగితాన్ని ఒక్కరైనా చూడలేదని కురుమూర్తికి నిజంగానే ఏడుపొచ్చింది. జనం దాన్ని ఆనందబాష్పాలుగా నమోదు చేసుకున్నారు.

మూడో ఊరి పొలిమేరలో ట్రాక్టరు ఆగిపోయింది. ప్రతి ఊళ్లోనూ గంటసేపు ఇంజను నడుస్తూ నిలబడితే ఏ ట్రాక్టరైనా ఆగుతుంది.

"డీజిల్ అయిపోయింది. ఐదు లీటర్లు పోస్తే పోతది, జర ఎవరన్న తెచ్చిపెట్టుండ్రి" అని లాల్ అహ్మద్ అందరికీ వినబడేలా చెప్పాడు. అప్పటికే అక్కడికి రాఘవేందర్ గారు వేంచేశారు. ఆయన రెండు ఎన్నికల్లో నిలబడి, రెంటిలోనూ కూర్చున్న ప్రజానాయకులు. ట్రాక్టరు ఆగిన చోట "ఇది ప్రభుత్వ భూమి, ఆక్రమించరాదు" అనే బోర్డు ఉంది. ఆయన దానికి వీపు ఆనించి నిలబడి ఉపన్యసించారు.

"సోదర సోదరీమణులారా! డీజిల్ అయిపోవడమన్నది పైకి కనిపించే కారణం మాత్రమే. ఇన్ని ఊళ్లు దాటి వచ్చిన స్వామి, మన ఊరి దగ్గరే, అదీ ఈ స్థలంలోనే ఎందుకు ఆగాడు? ఆలోచించండి! ఈ మహాదాత కురుమూర్తి గారి త్యాగం, ఈ సారథి లాల్ అహ్మద్ గారి మతసామరస్యం చరిత్రలో నిలిచిపోతాయి!"

చప్పట్లు మోగాయి. సారథికీ దాతకూ చెరొక శాలువా కప్పారు.

"సార్, ఇది మా దూలం. వానలొస్తున్నయి" అన్నాడు కురుమూర్తి శాలువాలోంచి.

"మా మిద్దె కూలితే జిమ్మేదారి ఎవ్వలది?" అని ఈదమ్మ మడ్‌గార్డు దిగొచ్చింది.

"పైన దేవుడున్నడు తల్లీ" అని రాఘవేందర్ గారు పైకి చూపించారు. ఈదమ్మ కూడా అలవాటుగా పైకి చూసింది.

మర్నాడే క్రేను వచ్చింది. మానును నిలబెట్టారు, బోర్డును పీకేశారు. అక్కడ ఒక గొయ్యే కదా కావలసింది, బోర్డు గొయ్యి సిద్ధంగా ఉంది. ఎండా వానా తగిలితే స్తంభం చెడుతుందని దాని మొదలు చుట్టూ రేకుల షెడ్డు కూడా వేశారు. భక్తిలో లోటు రానివ్వలేదు.

నెల తిరగకుండా వానలు పడ్డాయి. మిద్దె కూలింది. ఆ సమయానికి ఇద్దరూ బయట ఉన్నారు కాబట్టి బతికారు. ఈదమ్మ మట్టిలోంచి సొట్టపడ్డ గిన్నెలు ఏరుకుంటూ ఊరంతా వినబడేలా ఏడ్చింది. తలదాచుకోవడానికి పొడిగా ఉన్న చోటు, అందులోనూ తమదని చెప్పుకోదగ్గది, ఒక్కటే కనిపించింది. గిన్నెల మూటతో ఇద్దరూ రేకుల షెడ్డుకు చేరారు.

దాత గారు సంసారం విడిచి స్వామి సన్నిధికి వచ్చేశారని రెండు రోజుల్లో పాకిపోయింది. పళ్లు, పాలు వచ్చాయి. గడ్డం గీయించుకునే తీరిక లేక పెరిగిన గడ్డం కూడా ఆ కబురుకు సాయపడింది. మాకు పిల్లలెప్పుడు పుడతారు, బోరులో నీళ్లెప్పుడు పడతాయి అని వచ్చినవాళ్లు అడిగేవారు. "నాకేం తెల్వదు తల్లీ" అని కురుమూర్తి ఉన్న మాట చెప్పేవాడు. మర్నాడు రెట్టింపు మంది వచ్చేవారు.

చివరికి కూలిన ఇళ్ల లెక్క రాసే అధికారి అటు వచ్చాడని తెలిసి, కురుమూర్తి ఇల్లు మంజూరు చేయమని అర్జీ రాయించి పట్టుకున్నాడు. అధికారి తానే షెడ్డు దగ్గరికి వచ్చాడు. బూట్లు విప్పాడు, కాళ్లు కడుక్కున్నాడు, సాష్టాంగపడ్డాడు. లేచాక కురుమూర్తి, ఇల్లు కావాలని చెప్పి, రెండు చేతులతో అర్జీ అందించాడు.

"ఇల్లా? మీలాంటోళ్లకు ఇల్లెందుకు స్వామీ?"

"సారూ, మా మిద్దె కూలింది. పొయ్యి గూడ మట్టిల కలిసింది. ఉండెటందుకు జాగ లేకనే ఈడున్నం" అంది ఈదమ్మ.

అధికారి కళ్లు చెమర్చాయి. "అన్నీ వదిలేసిండ్రు. ఎంత వైరాగ్యమమ్మా!" అన్నాడు. అర్జీని కళ్లకద్దుకున్నాడు. మడత విప్పకుండానే స్తంభం మొదట్లో పెట్టి, నాలుగు మూలలా పసుపు బొట్లు పెట్టి, పువ్వు ఉంచి, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అర్జీ ఇప్పటికీ అక్కడే ఉంది. దానికి దండం పెట్టనివాళ్లు లేరు, విప్పి చదివినవాళ్లూ లేరు. ఈ కథ చదివి ఎవరైనా వచ్చి ఆ కాగితం విప్పుతారేమోనని కురుమూర్తి ఆశగా రోడ్డు వంక చూస్తున్నాడు. ఈదమ్మకు మాత్రం ఆ ఆశ లేదు.

"వచ్చినోళ్లు గూడ ముందుగాల చెప్పులే ఇడుస్తరు" అంటోంది.