నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తండి

మా మేడ మీద ఇంటావిడ మెట్ల దగ్గర మా ఆవిడతో అన్నదట. మా ఆవిడ భోజనాల దగ్గర నాతో అన్నది. "సందు చివర పళ్ల డాక్టరు లేడూ, ఆయన దగ్గరికి పన్ను పీకించుకోవడానికి వెళ్తే పన్ను ఊడుతుందిగానీ పాట అయిపోదట. ఊడిన పన్ను చేతిలో పెట్టాక కూడా, పాట అయ్యేదాకా కుర్చీ దించడట."

మేడ మీద ఆవిడ ఏ కబురు చెప్పినా సగం నీళ్లు కలుపుతుందని వాడంతా ఎరుగుదురు. ఈసారి మాత్రం కలపలేదు. నిజం చెప్పాలంటే కాస్త తగ్గించే చెప్పింది. ఆ కుర్చీలో నేనూ పడుకున్నాను మరి! నా దవడ పన్నుకి సిమెంటు పెట్టడం పాట మొదటి భాగంలో మొదలైంది. నాలుగో భాగంలో పూర్తయింది. ఐదో భాగం ఊరికే విన్నాను.

కాబట్టి పాఠకులారా, పుచ్చుపన్ను సాక్షిగా చెబుతున్నాను. ప్రోగ్రెసివ్ రాక్ అనే సంగీతం మానవజాతిని ఉద్ధరించడానికే పుట్టింది. నవ్వకండి. నవ్వితే పళ్లు కనబడతాయి, డాక్టరు చూస్తాడు.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. మామూలు పాట ఎరిగిన చుట్టం లాంటిది. వస్తుంది, కూర్చుంటుంది, మంచినీళ్లు తాగి వెళ్లిపోతుంది. ప్రోగ్రెసివ్ రాక్ పాట పెట్టే బేడాతో దిగుతుంది. ముందు గాలి వీస్తుంది. చాలాసేపు గాలే వీస్తుంది. ఎవరో ఫ్లూట్ ఊదుతారు. హమ్మయ్య, మొదలైందని మనం సర్దుకుని కూర్చునేసరికి డ్రమ్ముల మీద పిడుగులు పడతాయి. మనం అమాయకంగా నాలుగు లెక్కపెట్టుకుని తల ఊపుతామా, వాళ్లు ఏడు లెక్కపెడతారు. మనం ఏడుకి అలవాటుపడేలోపు అది పదకొండు అవుతుంది. కొత్తగా వినేవాడికి మెడ పట్టేస్తుంది.

పాడేవాడు ఎప్పటికో వస్తాడు. ఒక రాజ్యం, దాన్ని పోగొట్టుకున్న రాజు, ఆ రాజుని ఓదార్చే ఒక చేప, వీళ్ల సంగతి నాలుగు ముక్కల్లో చెప్పి మళ్లీ మాయమవుతాడు. రాజు ఏమయ్యాడని అడక్కండి. అది రికార్డు రెండోవైపు ఉంటుంది.

ఇంత సంగీతాన్ని మామూలు మనిషి ఎప్పుడు వినాలి? ఎక్కడ వినాలి? రిమోటు చేతిలో ఉన్నవాడికి ఓపిక ఉండదు. ఓపిక ఉన్నవాడి చేతికి రిమోటు రాదు. చేతిలో రిమోటు లేకుండా, లేచి పారిపోయే వీలు లేకుండా, "ఇంక చాలు బాబూ" అనడానికి నోరు కూడా లేకుండా ఉండే మనిషి లోకంలో ఎక్కడైనా ఉన్నాడా?

ఉన్నాడు. పళ్ల డాక్టరు కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఈ సత్యం కనిపెట్టిన మహానుభావుడు మా సందు చివర ఉండటం మా అదృష్టం.

డాక్టరు కొత్తవాళ్లని బెదరగొట్టే రకం కాదు. ఆయనకో వరస ఉంది. పళ్లు శుభ్రం చేయించుకోవడానికి వచ్చినవాళ్లకి, అట్ట మీద ఒక నత్త, నత్త వీపు మీద లైట్‌హౌస్ ఉన్న ఆల్బమ్ పెడతాడు. అందులో పాటలు చిన్నవి, ఒక్కోటి అయ్యేలోపు స్కూటరు మీద బజారుకి వెళ్లి రావచ్చు, అంతే. సిమెంటు పెట్టించుకునేవాళ్లకి, ఎడారి మీద రెక్కలతో ఎగిరే టీ కెటిల్ బొమ్మ ఉన్నది. రూట్ కెనాల్‌కి రెండు డిస్కుల ఆల్బమ్, రెండింటికీ కలిపి ఒకటే కథ. ఒక లిఫ్టు ఆపరేటరు పైకి వెళ్తూ వెళ్తూ తన చిన్నతనంలోకి వెళ్లిపోతాడు. "రెండు సిట్టింగులు, రెండు డిస్కులు. పన్నుకి వేర్లు పెట్టినవాడు లెక్క చూసే పెట్టాడండీ," అంటాడు డాక్టరు. ఇక జ్ఞానదంతం పీకించుకునేవాళ్లకి, ఏ దేశంలోనూ లేని భాషలో ఆసాంతం పాడిన ఆల్బమ్ ఒకటుంది. జ్ఞానమే పోతున్నప్పుడు భాషతో పనేముంది?

దీనివల్ల వాడకి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. పిల్లలు చెప్పకుండానే పొద్దునా రాత్రీ పళ్లు తోముతున్నారు. "సరిగ్గా తోమకపోతే డాక్టరుగారి రెండో డిస్కు వినాల్సొస్తుంది" అంటే చాలు, బ్రష్షు అరిగిపోతోంది. మొన్న ఒక లారీ డ్రైవరు చెంప వాచి వెయిటింగ్ గదిలో మూలుగుతూ కూర్చున్నాడు. తలుపు సందులోంచి ఆర్గన్ వాయిద్యం సోలో వినబడింది. సోలో సగంలో ఉండగానే నొప్పి పోయిందని లేచాడు. కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని మరీ వెళ్లాడు. ఏ మాత్రకుందండీ ఇంత గుణం?

డాక్టరుకి ఇంకో మంచి అలవాటుంది. డ్రిల్లు పట్టుకునే ముందు ఎవరికైనా ఒకటే మాట చెబుతాడు. "నొప్పి పుడితే ఎడమ చెయ్యి ఎత్తండి. ఆపేస్తాను." ధర్మమైన మాట. కాకపోతే పాట మొదలయ్యాక ఆ మాట ఆయనే మర్చిపోతాడు. ఎవరి చెయ్యి లేచినా ఆయన ముఖం దీపం పెట్టినట్టు వెలుగుతుంది. "చూశావా, తాళం పట్టుకున్నారు," అని పక్కన సాయం చేస్తున్న భార్యతో చెప్పి వాల్యూమ్ పెంచుతాడు. నేను ఒకదాంతో సరిపెట్టుకోలేక రెండు చేతులూ ఎత్తాను.

"మీకు సంగీతం వినే చెవి ఉందండీ," అన్నాడు.

పైగా పాట ఒంటరిగా రాదు. తోడు డాక్టరు వస్తాడు. "వినండి వినండి, ఇప్పుడు బేస్ గిటారు మెట్లు దిగుతుంది, దిగిందా? ఇదిగో, తాళం మారింది, పట్టుకున్నారా? ఈ వాయిద్యం మామూలు కీబోర్డు కాదు, లోపల టేపులుంటాయి. ఉండండి, ఇప్పుడు నిశ్శబ్దం వస్తుంది, ఈ నిశ్శబ్దం చాలా ముఖ్యం, దీని గురించి ఏం చెప్పాలంటే..." అంటూ ఆ నిశ్శబ్దం ముగిసేదాకా చెబుతాడు. ఇదీ మేలే. పక్కన గైడు లేకుండా కోట చూస్తే ఏం కనిపిస్తుంది? గోడ కనిపిస్తుంది.

అసలు ఈ పిచ్చి ఆయనకి ఎలా పట్టిందో కూడా నాకు తెలుసు. నా నోట్లో దూది ఉన్నప్పుడు ఆయనే చెప్పాడు. చదువుకునే రోజుల్లో గవదబిళ్లలు వచ్చి హాస్టలు గదిలో పడిపోయాడు. అంటుకుంటుందని స్నేహితులు ఎవరూ తలుపు తీయలేదు. చెంపలు రెండూ బూరెల్లా పొంగి నోరు పెగల్లేదు. గదిలో ఎవరో వదిలేసి వెళ్లిన టేప్ రికార్డరు, అందులో ఒక క్యాసెట్టు ఉన్నాయి. పెట్టుకున్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి, జ్వరం దిగేదాకా అదొక్కటే విన్నాడు. "అంత గొప్పగా మళ్లీ ఎన్నడూ వినలేదండీ," అన్నాడు డ్రిల్లు గాలిలో ఆపి. "ఎందుకో మరి." ఆ క్యాసెట్టులోని ఆల్బమ్‌ని ఆయన రోగులెవరికీ వినిపించడు. అది వరసలో లేదు. బీరువాలో ఉంది.

ఇంత మేలు చేస్తున్న మనిషికి లోకం ఏం చేసింది? ఎదుటి వీధిలో కొత్త పళ్ల క్లినిక్కు తెరిచింది. అందులో చేపల తొట్టి ఉంది. చేపలు మాట్లాడవు. జనం ఒక్కొక్కరే రోడ్డు దాటారు.

మా డాక్టరు క్లినిక్కుకి ఆయన భార్యే రెండో చెయ్యి. ముందుగదిలో పేర్లు రాసుకునేదీ ఆవిడే, లోపల రోగి నోట్లో నీళ్లు లాగే గొట్టం పట్టుకునేదీ ఆవిడే. ఖాళీ కుర్చీలు చూసి చూసి ఒకనాడు తాడో పేడో తేల్చేసింది.

"ఏమండీ, ఈ స్పీకర్లు అమ్మేద్దాం. ముందుగదిలో టీవీ పెడదాం."

"నీకేం తెలుసు? రోజూ ఎంతమంది తాళం వేస్తున్నారో చూడటం లేదూ?"

"చూస్తున్నాను. తాళమో గోలో నోరుంటే చెప్పేవాళ్లు. ఒక్క మనిషి, నోట్లో దూదీ గొట్టం లేని ఒకే ఒక్క మనిషి, ఈ పాట బాగుందని మీ ముఖం మీద చెప్పనివ్వండి. ఇంకెప్పుడూ స్పీకర్ల ఊసెత్తను. చెప్పకపోతే అవి ఇంట్లో ఉండవు."

"ఎవరు చెప్పాలి?"

"మా అమ్మ."

అత్తగారు కుండ బద్దలు కొట్టే మనిషి. ఆవిడ మెచ్చుకోగా విన్నవాళ్లు ఇంతవరకు లేరు. పెళ్లిలో అల్లుడు మొదటిసారి నవ్వగానే, "పళ్ల డాక్టరేనా? అద్దం చూసుకోవడం మానేశాడా ఏం?" అని పదిమందిలో అడిగింది. అయితే ఇప్పుడావిడ పళ్లు పాడై, మొత్తం తీయించుకుని కట్టుడు పళ్ల సెట్టు పెట్టించుకోవడానికి కూతురింటికి వచ్చి ఉంది. అంటే చాలా సిట్టింగులు. చాలా ఆల్బమ్‌లు. డాక్టరుకి కొండంత ఆశ పుట్టింది.

ఒప్పందం విని అత్తగారు తల పంకించింది. "బోసినోటి మాటకి విలువుండదు. పళ్లు పెట్టాకే చెబుతాను," అంది. ఆ రోజు నుంచి సంగీతం గురించి పెదవి విప్పలేదు.

డాక్టరు వరస ప్రకారం వెళ్లాడు. నత్త అయింది. కెటిల్ అయింది. పళ్లన్నీ తీసిన చిగుళ్లు ఆరి, అచ్చు తీయడానికి నోటినిండా పిండి పెట్టిన రోజున లిఫ్టు ఆపరేటరు చిన్నతనంలోకి వెళ్లాడు. ప్రతిసారీ డాక్టరు పక్కన నిలబడి బేస్ గిటారుని మెట్లు దించాడు, తాళం మార్చాడు, నిశ్శబ్దాన్ని వివరించాడు. ప్రతిసారీ అత్తగారి ఎడమ చెయ్యి లేచింది. కాసేపుండి దిగింది. మళ్లీ లేచింది. డాక్టరు ఆనందానికి హద్దులేదు. "మీ అమ్మకి ఏడు దెబ్బల తాళం వచ్చేసిందే," అన్నాడు రాత్రి భార్యతో. ఆవిడ అటు తిరిగి పడుకుంది. తల్లి అలా దేనికీ చెయ్యి ఊపగా ఆవిడ చూడలేదు. స్పీకర్లు ఉండిపోతాయేమోనని భయం పట్టుకుంది.

పళ్లు పెట్టే రోజున నేనక్కడే ఉన్నాను. నా దవడ పన్ను సిమెంటు రాలిపోయింది. దానికి పాట కారణం కాదని మనవి. మేడ మీద ఆవిడ కూడా ఏ పన్నూ నొప్పి లేకుండానే వచ్చి, లోపలి గది తలుపు పట్టుకుని నిలబడింది. రేపు మెట్ల దగ్గర చెప్పుకోవడానికి కబురు కావాలి కదా.

డాక్టరు బీరువా తెరిచాడు. గవదబిళ్లల ఆల్బమ్ తీశాడు. దాన్ని చొక్కా అంచుతో రెండుసార్లు తుడిచి పెట్టాడు. ఇది కూడా నచ్చలేదంటే ఇంక లోకంలో తనకి తోడు వినేవాళ్లు లేరన్నమాట. స్పీకర్లు ఉంటే ఎంత, పోతే ఎంత?

పాట మొదలైంది. గాలి వీచింది. డాక్టరు పళ్ల సెట్టు అమర్చాడు. ఇటు అరగదీశాడు, అటు అరగదీశాడు. "ఇది నేను జ్వరంలో విన్నదండీ అత్తయ్యా. ఈ గాలి ఉంది చూశారూ, ఇది నిజం గాలి కాదు. వినండి, దీని వెనకాల ఒక గొంతు... వచ్చిందా? అదిగో..." చెయ్యి లేచింది. వాల్యూమ్ పెరిగింది. "ఇక్కడ జాగ్రత్తగా వినాలి, ఇక్కడ..." చెయ్యి లేచింది. వాల్యూమ్ ఇంకా పెరిగింది. డాక్టరు భార్య గొట్టం పట్టుకుని నేల చూపులు చూస్తోంది.

పని అయింది. డాక్టరు కుర్చీ లేపాడు. అత్తగారు అద్దం అందుకుని కొత్త పళ్లు పైవరసా కిందివరసా చూసుకుంది. రెండుసార్లు కొరికి చూసింది. నోరు కడుక్కుంది. నోట్లో దూది లేదు, గొట్టం లేదు, పిండి లేదు.

"చెప్పమ్మా," అంది కూతురు.

"పాట బాగుంది," అంది అత్తగారు.

మేడ మీద ఆవిడ తలుపు వదిలేసింది. డాక్టరు భార్య చేతిలో గొట్టం జారింది. డాక్టరు కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. పాఠకులారా, నేను చెప్పలేదూ? కట్టుడు పళ్లతో ఒక నిజం బయటపడింది. ఈ సంగీతం...

"నాకు తెలుసు అత్తయ్యా!" డాక్టరు అప్పటికే అందుకున్నాడు. "మీకు తెలుస్తుందని నాకు ముందే తెలుసు. అసలు సంగతి ఇప్పుడొస్తుంది, ఇది రెండో భాగం, ఇందులో ఏం చేశారంటే, ముందు తాళాన్ని రెండుగా చీల్చి..."

అత్తగారి ఎడమ చెయ్యి లేచింది.

డాక్టరు మాట ఆపకుండానే వాల్యూమ్ వైపు చెయ్యి చాచాడు.

"నొప్పి పుడితే చెయ్యి ఎత్తమన్నారు అల్లుడుగారూ," అంది అత్తగారు. "పాటకి నేను ఎప్పుడూ ఎత్తలేదు. మీరు నోరు తెరిచినప్పుడల్లా ఎత్తాను."