షీ పైనుంచి కింద పడింది

ఆ రోజు బడికి సెలవు. మూడో తరగతి పాప పళ్ళు తోముకుంటూనే శపథం చేసింది: సాయంత్రం దాకా నోట ఒక్క నామవాచకం రాకూడదు. మనుషులకైనా వస్తువులకైనా ఐ, యూ, హీ, షీ, ఇట్ లాంటి సర్వనామాలే వాడాలి. నెగ్గినవాళ్ళే క్లాస్ లీడరని ఇంగ్లీషు టీచరు పందెం పెట్టింది.

పదింటికి అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతున్న తండ్రికి పాప ఫోను చేసింది.

"హలో యూ! పరుగెత్తుకురా! షీ పైనుంచి కింద పడింది!"

"ఎవరే? సరిగ్గా చెప్పు!"

"చెప్పకూడదు! విరిగింది. ఊడింది. కదలట్లేదు. షీ ఒకటే ఏడుస్తోంది!"

"కదలట్లేదంటావు, ఏడుస్తోందంటావు!"

"ఆ షీ వేరు, ఈ షీ వేరు!"

పాప కాక ఇంట్లో ఉన్న ఆడవాళ్ళు ఇద్దరు, తల్లీ భార్యా. తల్లి మెట్లెక్కడం మానేసి ఆరేళ్ళయింది. పైనుంచి పడగలిగింది భార్యే.

"డాక్టరొచ్చాడా?"

"హీ వచ్చాడు. ఇక లాభం..." పాప నాలుక కరుచుకుంది. "ఇక కుదరదన్నాడు. చుట్టి, కట్టి, ఎత్తుకెళ్ళిపోయాడు!"

తండ్రి కుర్చీలో కూలబడ్డాడు. సంగతి విని యజమాని యంత్రాలు ఆపించాడు. ఐదుగురు ఒకే కారులో ఇరుక్కున్నారు. దారిలో ఒకాయన తెల్లపూలు కొన్నాడు. ఇంకొకాయన, "మహాతల్లి! ఒక్కనాడు గొంతెత్తి ఎరగదు" అని ముక్కు చీదాడు. ఆయన ఆవిడను చూసింది లేదు.

అంతమంది ఏడుస్తూ గుమ్మంలోకి వచ్చేసరికి, పోయిందెవరో తర్వాత కనుక్కోవచ్చని నాయనమ్మ తనూ శోకాలు అందుకుంది. ఆ గోలకు లోపలినుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చింది. తండ్రి కొయ్యబారిపోయాడు. భార్యే!

"అయ్యో, ఎవరండీ పోయింది?"

"నువ్వే!"

చిక్కుముడి ఆవిడే విప్పింది. మేడ మీదికి చేరుస్తుంటే కుట్టుమిషను జారి పడింది. మెకానిక్ వచ్చి, ఇక్కడ బాగుపడదని గోనెలో కట్టి తీసుకెళ్ళాడు. పదహారేళ్ళ తోడు కదా అని ఆవిడ కాసేపు ఏడ్చింది.

తండ్రికి ఆనందమూ కోపమూ ఒక్కసారే పొంగుకొచ్చాయి. "కుట్టుమిషన్ని ఇట్ అనాలే! షీ అంటారా ఎవరైనా?"

పాప తడుముకోలేదు. "యూ రోజూ ఏమంటావు? 'అది తిందా, అది పడుకుందా' అనవూ? ఐ గురించే కదా! ఐ షీ అయితే, అదీ షీయే!"

ఇరవయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ తప్పులు దిద్దుతున్న మనిషికి ఇందులో ఒక్క తప్పూ దొరకలేదు.

మర్నాటి నుంచి ఎనిమిదేళ్ళ కూతుర్ని ఆయన "ఆవిడ" అంటున్నాడు.