లగట్ బండి వెనక టకటక

"ఎల్డొరెట్ పట్టణంలో నేరం ఇంకా బతికి ఉందంటే దానికి కారణం ఒక్కటే. నేను ఇంకా పూర్తిగా దృష్టి పెట్టలేదు," అని ప్రకటించాడు డిటెక్టివ్ చెబోయి, నూనెలో కాల్చిన మందాజీ రొట్టెను చాయ్‌లో ముంచుతూ. మందాజీ సగానికి విరిగి చాయ్‌లో మునిగిపోయింది. చెబోయి భూతద్దం తీసి గ్లాసులోకి చాలాసేపు చూశాడు. "ఇది ప్రమాదం కాదు," అన్నాడు గంభీరంగా.

ఎదురుగా కూర్చున్న లగట్‌కు నవ్వే ఓపిక లేదు. "ఒరేయ్, నేను వచ్చింది బండి గురించి. వెనక చక్రాల దగ్గర ఒకటే చప్పుడు. టకటకమంటోంది."

"టకటకమంటోందా, టక్, టక్ అంటోందా?"

"రెండింటికీ తేడా ఏంట్రా?"

"మొదటిది మరమ్మతు. రెండోది హత్య."

చెబోయి అసలు వ్యాపారం పాత కోట్లు అమ్మడం. పరుగు వీరులకు పేరుపడ్డ ఆ ప్రాంతంలో పుట్టిన అందరిలాగే అతనూ కుర్రతనంలో పరుగులు నేర్పే క్యాంపులో చేరాడు. మొదటి చుట్టు అందరికన్నా ముందు పరుగెత్తి, రెండో చుట్టులో గడ్డి మీద కూర్చుండిపోయాడు. మెదడుతో తరిమేవాడికి కాళ్ళతో పని లేదని అప్పటినుంచి చెప్పుకుంటున్నాడు. డిటెక్టివ్ పని కోసం తన దుకాణంలోంచే మోకాళ్ళ దాకా వచ్చే కోటు ఒకటి ఏరుకున్నాడు. అది ఆడవాళ్ళ కోటు. లోపల గులాబీ రంగు పట్టు కూడా ఉంది. ఆ సంగతి చెప్పే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు, ఎందుకంటే చెబితే ఎలా కనిపెట్టారో గంటసేపు విచారిస్తాడు.

లగట్ బాధ వేరే ఉంది. జపాన్ నుంచి సెకండ్‌హ్యాండులో వచ్చిన తెల్ల వ్యాగన్ అతని జీవనాధారం. తెల్లవారగానే పరుగుల క్యాంపుల పిల్లలను ఎక్కించుకుని కొండల్లోకి తీసుకెళ్ళి వదలడం, వాళ్ళ వెనకే నీళ్ళు మోసుకుంటూ రావడం అతని పని. ఎర్రమట్టి దారుల మీద బండి పొట్ట రాళ్ళకు గీసుకుంటుంది. అందుకని అక్కడ అందరూ చేయించినట్టే అతనూ కంపెనీ స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు పీకించేసి, బయట దొరికే పొడవాటివి, గట్టివి వేయించి బండిని జానెడు ఎత్తు లేపించాడు. ఆ పని చేసింది రోనో. రోనో చెల్లెలు చెరోప్. లగట్ పెళ్ళంటూ చేసుకుంటే చెరోప్‌నే చేసుకుంటాడు.

బండి లేపించిన మర్నాడే పెద్దవాళ్ళను ఎక్కించుకుని, కొండ అంచున ఉన్న చెరోప్ వాళ్ళ ఊరికి పెళ్ళి మాటలకు వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు బండినిండా అత్తయ్యలు, వాళ్ళ పాటలు. వచ్చేటప్పుడు డిక్కీనిండా వాళ్ళు పెట్టిన బంగాళాదుంప బస్తాలు, క్యాబేజీలు, కాళ్ళు కట్టిన కోడి. వట్టి చేతులతో పంపించడం ఆ ఇంట్లో తెలియదు. జవాబు మాత్రం తర్వాత అన్నారు. మొదటిరోజే పిల్లనిస్తామని ఏ పెద్దలూ అనరు కాబట్టి లగట్ సంతోషంగానే ఇల్లు చేరాడు, బస్తాలు దించాడు, నిద్రపోయాడు.

మర్నాటి నుంచి చప్పుడు మొదలైంది. ఆదివారం తర్వాత ఆదివారం గడిచిపోయాయి గానీ అటునుంచి జవాబు రాలేదు. చెరోప్‌కు ఫోన్ చేస్తే గొంతు చల్లగా ఉంది.

"మీ ఇంట్లో ఏమనుకుంటున్నారు చెరోప్?"

"మా ఇంట్లో అనుకోవాల్సింది ఎప్పుడో అనుకున్నారు. మీ ఇంట్లో ఏమనుకుంటున్నారో అది చెప్పు."

"మేమేమనుకుంటాం? ఎదురుచూస్తున్నాం."

"దేనికి?" అని ఫోన్ పెట్టేసింది.

ఆ "దేనికి" లగట్ గుండెలో ములుకులా దిగిపోయింది. చప్పుడు సంగతి రోనోతో చెబుదామంటే భయం. నువ్వు చేసిన పని బాలేదని కాబోయే బావమరిదితో ఎలా అంటాడు? అంటే ఆ ఊగిసలాడే జవాబు కాస్తా కుదరదనే వైపు ఒరిగిపోదూ? అందుకే రహస్యంగా చెబోయి దగ్గరికి వచ్చాడు. రహస్యం దాచడానికి చెబోయి లాంటివాడు ఇంకొకడు ఉండడు మరి. అప్పటికే చాయ్ దుకాణమంతా చెవులప్పగించి వింటోంది.

"పద," అంటూ చెబోయి లేచాడు. "నేరస్థుడిని నేరస్థలంలోనే వినాలి."

ఊరి బయట ఎర్రమట్టి దారిలో విచారణ మొదలైంది. చెబోయి మెడలో స్టెతస్కోపు వేలాడుతోంది. లగట్ బండిని మెల్లగా నడుపుతుంటే, వెనక బంపరుకు స్టెతస్కోపు ఆనించి, కోటు ఎగురుతుంటే, చెబోయి పరుగెత్తుతూ వచ్చాడు. అటుగా పోతున్న పరుగుల పిల్లలు అతన్ని రెండు పక్కలనుంచీ దాటేశారు. వాళ్ళలో ఒకమ్మాయి వెనక్కి తిరిగి, "ఏ పందెం బాబాయ్ ఇది? బండికి జ్వరమా?" అని అరిచింది. చెబోయి జవాబు చెప్పాలనుకున్నాడు గానీ ఊపిరి అందలేదు.

"లాభం లేదు. నేను లోపలికి వెళ్ళాలి," అని డిక్కీ తెరిచి, లోపల చతికిలబడ్డాడు. చెబోయి మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. అతను కూర్చోగానే డిక్కీ అడుగు పలక కిర్రుమంది. "ఇక్కడేదో పుల్లటి వాసన!"

"అవునురా, ఈమధ్య వస్తోంది. పరుగుల పిల్లల బూట్లనుకుంటా."

"కాదు. ద్రోహం వాసన. ఇది నాకు బాగా తెలుసు. పోనీ!"

లగట్ పోనిచ్చాడు. గుంటలో దించాడు, రాళ్ళ మీద ఎక్కించాడు. చప్పుడు లేదు. చెబోయి దిగి పక్కన నిలబడ్డాడు. బండి కదలగానే టక్, టక్. మళ్ళీ ఎక్కాడు. నిశ్శబ్దం.

"చూశావురా!" చెబోయి కళ్ళు మెరిశాయి. "నేను లోపల ఉంటే నోరెత్తదు. నేను దిగగానే మొదలెడుతుంది. మామూలు స్ప్రింగుకు ఇంత తెలివి ఉంటుందా? ఇది నన్ను గుర్తుపట్టింది!"

"నీ బరువుకేమైనా ఆగుతోందేమో?"

"నా బరువు కాదు, నా పేరు." కోటు దులుపుకున్నాడు. "ఇది ఎవరి పనో నాకు అర్థమైంది. ఈ షాక్ అబ్జార్బర్లు ఎవరు బిగించారు?"

"రోనో."

"పెళ్ళి మాటలయ్యాక జవాబు ఎవరు దాచారు?"

"వాళ్ళింటివాళ్ళు."

"వాళ్ళింట్లో రోనో ఉంటాడా, ఉండడా?"

"ఉంటాడు గానీ..."

"చాలు! ఆ మనిషికి నువ్వు బావగా రావడం ఇష్టం లేదు. నోటితో చెప్పలేక నకిలీ సామాన్లు బిగించి, గుంట గుంటకూ నీకు వద్దు, వద్దు అని చెప్పిస్తున్నాడు. లగట్, నీ పెళ్ళిని నీ బండి కిందే పాతిపెట్టారురా!"

లగట్‌కు నమ్మాలని లేదు. కానీ రాత్రీ పగలూ ఒకే భయంతో ఉన్నవాడికి ఎంత పిచ్చి మాటైనా చెవికెక్కుతుంది. పైగా చెబోయి అప్పటికే బండి కింద దూరి, సాక్ష్యం కోసమని ఒక బోల్టు విప్పి, మళ్ళీ బిగించాడు. బయటికి వచ్చేసరికి చేతిలో ఒక వాషర్ మిగిలిపోయింది. "ఇది అనవసరంగా వేశాడు," అంటూ జేబులో పడేసుకున్నాడు. అక్కడినుంచి బండి టక్ అనడమే కాకుండా కుయ్‌మని మూలగడం కూడా మొదలుపెట్టింది.

రోనో షెడ్డు మార్కెట్ దాటాక, పాత టైర్ల గోడ వెనక ఉంది. షెడ్డు ముందు బల్ల మీద చెరోప్ కూర్చుని ఉంది. ఆమె పక్కన తలకు గుడ్డ చుట్టుకుని, చేతికర్ర ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ అవ్వ తప్లెలెయ్. మోకాలి నొప్పికి డాక్టరును చూపించుకుందామని పట్నం వచ్చిందట. ఆ ఇంట్లో చివరి మాట ఆ ముసలమ్మదే. లగట్ ఒంగి నమస్కారం పెట్టాడు. అవ్వ అతని తల మీద చేయి పెట్టలేదు. బండికేసి చూసి మొహం పక్కకు తిప్పుకుంది. అంతకన్నా కొట్టినా బాగుండుననిపించింది అతనికి.

బావా అనే పిలుపు నోటిదాకా వచ్చినా మింగేసి, "రోనో గారూ, చిన్న చప్పుడు వస్తోంది..." అని మొదలుపెట్టాడు.

"చిన్నది కాదు!" చెబోయి ముందుకు దూకాడు. "ఎవ్వరూ కదలొద్దు! ఈ షెడ్డులో ఉన్నవాళ్ళలో ఒకరు ముద్దాయి!"

రోనో స్పానరు కింద పెట్టాడు. "లగట్, ఈ ఆడకోటు మనిషి ఎవరు?"

ఆ మాటకు చెబోయి క్షణం తడబడి కోటు గుండీలకేసి చూసుకున్నాడు గానీ వెంటనే తేరుకున్నాడు. "మాట మార్చకు. నువ్వు బిగించిన షాక్ అబ్జార్బర్లు నకిలీవి. నీ చెల్లెల్ని ఇవ్వడం నీకిష్టం లేదు. ఒప్పుకో!"

రోనో మొహం నల్లబడింది. లగట్ వైపు తిరిగాడు. "నువ్వూ ఇదే అంటున్నావా?"

"అది కాదు..."

"నా చేత్తో బిగించాను. మీరు మా ఊరు వచ్చినరోజు మా పెద్దలందరికీ డిక్కీ పలక ఎత్తి మరీ చూపించాను, మా చెల్లెలు ఎక్కే బండి ఇది, చూసుకోండి అని. జవాబివ్వకుండా ఊరుకున్నది మీరు. ఇప్పుడు నింద నా మీద వేయడానికి మనిషిని తెచ్చావా?"

"మేము జవాబివ్వలేదా?" లగట్ నోరు తెరిచాడు.

చెరోప్ లేచి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. "వద్దనుకుంటే వద్దని చెప్పు లగట్. ఇంత నాటకం ఎందుకు? పద అవ్వా, పోదాం."

లగట్‌కు ఏం జరుగుతోందో తెలియలేదు. తన పెళ్ళి కళ్ళముందే లేచి వెళ్ళిపోతోందని మాత్రం తెలిసింది. "చెరోప్, ఆగు!" అన్నాడు.

"ఎవరూ పోకూడదు!" చెబోయి గర్జించాడు. "ముద్దాయి ముందే నేరాన్ని మళ్ళీ చేసి చూపిస్తాను!" అంటూ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. అతనికి డ్రైవింగు రాదు. బండి ఒక్క ఊపులో ముందుకు దూకి, షెడ్డు గుమ్మంలో పడి ఉన్న దుంగ ఎక్కి, దభీమని దిగి ఆగిపోయింది. టక్ మంది, కుయ్ మంది. మధ్యాహ్నం దాకా ఎండలో మాడిన బండి డిక్కీలో ఇంకేదో బుసబుసమంది.

చెబోయి విజయగర్వంతో వెనక్కి పరుగెత్తి డిక్కీ తెరిచి, అడుగు పలక పట్టుకుని పైకి లాగాడు. "ఇదిగో మీ నకిలీ..."

ఢాం!

"కాల్పులు!" అని అరిచి చెబోయి వెల్లకిలా పడిపోయాడు. మొహం మీద, కోటు మీద, గులాబీ రంగు పట్టు మీద తెల్లగా ఏదో చిమ్మింది. "లగట్... నేను పోతున్నాను... షాక్ అబ్జార్బర్ పేలింది... నూనె కళ్ళల్లోకి..." నాలుకతో మూతి తడుముకున్నాడు. ఆగాడు. మళ్ళీ తడుముకున్నాడు. "నూనె పుల్లగా ఉందేంటి?"

రోనో బండి వెనక్కి వచ్చి చూశాడు. స్టెపినీ టైరు నడుమ గుంటలో, విప్పారిన పూలగుడ్డ మధ్య, మెడకు పూసల పట్టీ చుట్టిన పొట్టి సొరబుర్ర పడుకుని ఉంది. బిరడా లేదు. అది ఎగిరి షెడ్డు పైకప్పుకు తగిలి, టైర్ల గోడ మీద పడింది. లోపల బొగ్గు పూసి పులియబెట్టిన ముర్సిక్ పాలు, ఇన్ని వారాలు పులిసి పులిసి, బయటికి దారి వెతుక్కున్నాయి.

పూసల పట్టీ చెరోప్ అల్లింది. లగట్ దాన్ని చూసిన క్షణంలో గుర్తుపట్టాడు. "ఇది... ఇక్కడికి ఎలా వచ్చింది?"

అవ్వ కర్ర పొడుచుకుంటూ దగ్గరికి వచ్చింది. "నేనే పెట్టాను. రోనో పలక ఎత్తి చూపించాడు కదా, టైరు మధ్యలో గుండ్రంగా గుంట కనబడింది. ఎవరో నా బుర్ర కోసమే పీట చేశారనుకున్నాను. బస్తాల కన్నా ముందు పాలే ఎక్కాలి మరి. ఇల్లు చేరగానే బండిలో ఉన్నదంతా దించుకుంటారుగా!"

"మేము పైన ఉన్నవే దించాం అవ్వా..."

"నేను ఎవరికీ నోటితో అవునని చెప్పను. మా ఇంటి ఆడపిల్లల పెళ్ళిళ్ళన్నిటికీ పాలతోనే చెప్పాను. బుర్ర మీ ఇంటికి వెళ్ళిందంటే అవునని. మీరు దాన్ని నింపి తిరిగి తెస్తే మీరూ అవునన్నట్టు." ముసలమ్మ పూసల పట్టీని వేలితో తడిమింది. "ఎంతకీ రాలేదు. మా పాలు కుక్కకు పోసి ఉంటారనుకున్నాను."

"ఆడపిల్లను, బుర్ర ఏదని నేనెలా అడగను?" అంది చెరోప్, ఏడుస్తూనే నవ్వుతూ. "దేనికి ఎదురుచూస్తున్నావని అడిగాగా!"

లగట్‌కు ఒళ్ళంతా తేలికైపోయింది. ఇన్నాళ్ళూ ఆ అవును తన వెనకే కూర్చుని, పైన బరువు లేనప్పుడల్లా గుంట గుంటకూ తట్టి పిలుస్తూనే ఉంది. తాను దాని నోరు మూయించడానికి డిటెక్టివ్‌ను పెట్టుకున్నాడు! బుర్రను రెండు చేతులతో తీశాడు. అడుగున ఇంకా కాసిని పాలు మిగిలాయి. ఎవరూ చెప్పకుండానే ఎత్తి తాగాడు. మొదటి గుక్కకు కళ్ళు మూసుకుపోయాయి, రెండో గుక్కకు చెవులు వెనక్కి పోయాయి. అయినా చివరి చుక్క దాకా దించలేదు.

అవ్వ అతన్నే చూస్తోంది. "ఇంత పులిసినవి తాగాడంటే మా పిల్ల కోపాన్ని కూడా భరిస్తాడులే," అని అతని తల మీద చేయి పెట్టింది.

రోనో చేతులు తుడుచుకున్నాడు. "బావా, ఆ కుయ్‌మనే చప్పుడు మాత్రం నాది కాదు."

ఆ పిలుపుకు లగట్ మొహం విప్పారింది. చెబోయి నేలమీదనుంచే జేబులోని వాషర్ తీసి అందించాడు.

ఆ తర్వాతి ఆదివారం లగట్ వాళ్ళమ్మ బుర్రను కడిగి, పొగబెట్టి, కొత్త పాలు నింపి ఇచ్చింది. లగట్ దాన్ని అదే పూలగుడ్డలో చుట్టి, స్టెపినీ నడుమ అదే గుంటలో పడుకోబెట్టి, పెద్దలను ఎక్కించుకుని కొండదారి పట్టాడు. కేసు తానే ఛేదించానని పట్నమంతా చాటుకున్న చెబోయి కూడా కోటు ఉతికించుకుని వెనక సీట్లో ఇరుక్కున్నాడు. మొదటి గుంట రాగానే వెనకనుంచి టక్ అని వినబడింది.

"ఆపు!" చెబోయి స్టెతస్కోపు తీశాడు. "మళ్ళీ మొదలైంది! ముద్దాయి తప్పించుకున్నాడు!"

లగట్ నవ్వుకుంటూ, దారిలో ఇంకా పెద్ద గుంట ఎక్కడుందో వెతుక్కుని బండిని అందులోంచే పోనిచ్చాడు.