అఫ్జల్ లేని ఆల్బమ్

ఆ ఆదివారం ఖాలిక్ పెట్టుకున్న పని ఒక్కటే. టిఫిన్ చేసి, గది తలుపు దగ్గరగా వేసుకుని, తమ్ముడి క్యాసెట్లు వినడం. కొన్నేళ్లుగా ఆదివారం పొద్దున ఆయనకు అదే పని. తమ్ముడు అఫ్జల్ కాలేజీ రోజుల్లో ఒక ఇంగ్లీషు రాక్ బ్యాండంటే పడిచచ్చేవాడు. స్నేహితుడి రికార్డు ప్లేయరు అడిగి తెచ్చి, దాని ముందు టేపు రికార్డరు పెట్టి ఆల్బమ్‌లన్నీ ఎక్కించాడు. ఇంట్లో అందరినీ నోరు మూసుకోమన్నాడు గానీ తాను మూసుకోలేదు. గిటారు మధ్యలో "భాయ్, ఇది విను, ఇది విను!" అని అతని గొంతు పడింది. వెనకే ఒక నవ్వు.

అఫ్జల్ జ్వరమొచ్చి పోయాక ఆ గొంతు ఇంకెక్కడా మిగల్లేదు. ఖాలిక్ వినేది పాటను కాదు, తమ్ముణ్ణి. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏడుస్తానని భయం. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని గుట్టుగా వినేవాడు.

"అబ్బాజాన్, కళ్లు మూసుకోండి!" ఇంజనీరింగ్ చదువుతున్న కూతురు ఆస్రా, ఆ పొద్దున గదిలోకి వెళ్లబోతున్న తండ్రిని చెయ్యి పట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టింది. పక్కన కొత్త స్పీకర్లు. "చాచా పాటలే! మా ఫ్రెండ్ దగ్గర తెచ్చాను. లాస్‌లెస్ అంటారు దీన్ని. ఆ గరగరలేం ఉండవు. స్టూడియోలో వాయించింది వాయించినట్టు, ఒక్క శబ్దం కూడా పోదు."

పాట అద్దం తుడిచినంత శుభ్రంగా మొదలైంది. ఖాలిక్ ఆ చోటు కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. ఆ చోటు వచ్చింది, వెళ్లిపోయింది. వినమని ఎవరూ అనలేదు. ఎవరూ నవ్వలేదు. ఆయన కళ్ల వెంట నీళ్లు ధారగా కారాయి.

"చూశావా అమ్మీ, ఎంత సంతోషపడుతున్నారో!" అంది ఆస్రా తల్లితో.

మొహమాటం కొంప ముంచుతుందని పెద్దలు ఊరికే అనలేదు. కూతురి ముఖం చూసి ఖాలిక్, "చాలా బాగుందమ్మా. ఇక ఆ పాత క్యాసెట్లెందుకు?" అనేశాడు. ఆ అట్టపెట్టె దుమ్ము దులిపి దులిపి విసిగిన భార్య నజీమా ఆ మాట జాగ్రత్తగా చెవిన వేసుకుంది.

వారమంతా ఆస్రా ఇరుగుపొరుగును పిలిచి ఆ పాటలు వినిపించింది. ఖాలిక్ పక్కన కూర్చుని తల ఊపాడు. మళ్లీ ఆదివారం రాగానే ఆత్రంగా అటక మీద చెయ్యి పెడితే, అట్టపెట్టె ఉండాల్సిన చోట కొత్త స్టీలు బేసిన్ తగిలింది.

"స్టీలు సామాన్ల గంగారత్నం వస్తే ఇచ్చేశానండీ. రెండు పాత చీరలు, ఆ క్యాసెట్లు. ఎంత పెద్ద బేసినో చూశారా?" అంది నజీమా.

ఖాలిక్ బేసిన్ తీసుకుని చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తాడు. "నచ్చకపోతే మూత కూడా అడగండి!" అని వెనక నుంచి నజీమా కేకేసింది.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో గంగారత్నం దొరికింది. బేసిన్ చూడగానే ఆమె గంప మీద చెయ్యేసింది. "చిల్లుంటే నాకు సంబంధం లేదండీ బాబూ! మీ ఆవిడ తట్టి చూసి మరీ తీసుకున్నారు."

"గిన్నె సంగతి కాదమ్మా, క్యాసెట్లు!"

"అవా? ఉయ్యూరులో మా అన్న కాశీరావుకిచ్చానండీ. చేనుకి కావాలన్నాడు."

చేనుకు పాటలెందుకో అర్థం కాకపోయినా, ఖాలిక్ బేసిన్ ఒళ్లో పెట్టుకుని ఉయ్యూరు బస్సెక్కాడు.

కాశీరావు వరి చేను పాలు పోసుకునే దశలో ఉంది. చేను నిండా కర్రలు పాతి, ఈ కర్రకూ ఆ కర్రకూ టేపు లాగి కట్టాడు. ఎండకు తళతళమంటూ, గాలికి జుయ్యిమంటూ మోగుతోంది.

"పిట్టల కోసమండీ. డబ్బాలు పగలగొట్టి మొత్తం విప్పేశాను. కావాలంటే చుట్టి ఇస్తాను" అన్నాడు కాశీరావు నొచ్చుకుంటూ.

ఎండకు వంకర్లు తిరిగి, మంచుకు తడిసిన టేపు అది. ఇక ఏ యంత్రమూ దాన్ని పాడించలేదు. అంత పొడుగు టేపులో తమ్ముడు ఏ కర్ర దగ్గర ఉన్నాడో ఖాలిక్‌కు తెలియలేదు. "వద్దండీ, ఉండనివ్వండి" అన్నాడు.

"ఎవరి పాటలండీ ఇవి?"

"మా తమ్ముడివి."

"గట్టి గొంతే అయ్యుంటుందండీ. కట్టిన్నాటి నుంచీ ఒక్క పిట్ట వాల్తే ఒట్టు!"

ఖాలిక్‌కు నవ్వు వచ్చింది. నవ్వబోతే ఇన్నేళ్లూ దాచుకున్నదంతా తన్నుకొచ్చింది. బేసిన్ పక్కన పడేసి, గట్టు మీద కూలబడి, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ బావురుమన్నాడు.

పక్క చేలో వాలిన పిట్టలు కూడా లేచిపోయాయి.